మీ మాటల్లో రాయండి

మూడో పాఠం మళ్ళీ మొదటికొచ్చింది.

వైదేహి కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అద్దాలు తుడిస్తే కంప్యూటరు బుద్ధి మారుతుందా? నిన్న సాయంత్రం ఏడో పాఠం దాకా లాక్కొచ్చింది. వేళ్ళు నొప్పులు పుట్టి, వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తుంటే అప్పుడు లేచి ఇంటికెళ్ళింది. ఈ వేళ పొద్దున్నే వచ్చి తెరిస్తే మూడో పాఠం. పేజీన్నర జవాబు కొట్టిన పెట్టె తెల్లగా ఖాళీగా ఉంది. పైన మూల ఎర్ర అక్షరాలతో ‘ఇన్‌కంప్లీట్’ అన్నది మాత్రం భద్రంగా ఉంది. రాసినవన్నీ పోతాయి గాని అదొక్కటీ చెక్కు చెదరదు.

ఇలా కావడం ఇది మూడోసారి.

రేపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూల్లో వైదేహి పద్నాలుగేళ్ళుగా తెలుగు చెబుతోంది. బాపట్లలో పెద్దాఫీసు పెట్టుకుని, తెనాలిలో, పొన్నూరులో, రేపల్లెలో బళ్ళు నడిపే యాజమాన్యం అది. ఆ ఏడు, అంటే 2008 జూన్‌లో, దానికి ఆన్‌లైన్ శిక్షణ అనే కొత్త జబ్బు పట్టుకుంది. టీచర్లందరూ ఎవరికి వారు కంప్యూటర్ ముందు కూర్చుని పన్నెండు పాఠాల కోర్సు పూర్తి చెయ్యాలి. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, ఏ పాఠం దాకా వచ్చారో కంప్యూటరే రాసుకుంటుంది. ఆగస్టు ముప్పై, శనివారం సాయంత్రం అయిదింటికి ఆ జాబితా మూసేస్తారు. అప్పటికి పూర్తి కానివాళ్ళకు దసరా తర్వాత క్లాసులుండవని సర్క్యులర్ వచ్చింది. క్లాసుల్లేని టీచర్‌ని ఏం చేస్తారో అందులో రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. అసలే రేపల్లెకీ పొన్నూరుకీ కలిపి ఒక్క తెలుగు టీచర్ చాలదా అని పెద్దాఫీసు రెండేళ్ళుగా గొణుగుతోంది. ఈ ఎర్ర అక్షరాలు దొరికితే ఆ గొణుగుడు కాస్తా ఉత్తర్వవుతుంది.

ఇది బుధవారం. ఇంక మూడు రోజులుంది.

వైదేహి పొడుగు నోట్‌బుక్ తెరిచి కీబోర్డు పక్కన పెట్టుకుంది. ప్రతి జవాబూ ముందు నోట్‌బుక్కులో రాసుకుని, కొట్టివేతలన్నీ అయ్యాక శుభ్రంగా మళ్ళీ ఎత్తిరాసి, అప్పుడు కంప్యూటర్లో కొట్టడం ఆవిడ పద్ధతి. ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఎక్కడుంటాయో తెలియక, చిన్న చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి బంకతో ఒక్కో మీటకూ అంటించుకుంది. పొల్లు కావాలంటే ‘డి’ నొక్కాలి. ‘స్త్రీ’ అని పడాలంటే ఆరు మీటలు నొక్కాలి. రెండు వేళ్ళతో, వడ్లగింజలు ఏరుతున్నట్టు, ఒక్కొక్కటే ఏరుకుంటూ రెండు నెలలుగా కొడుతోంది.

ప్రతి పాఠం చివరా ఒక పెట్టె ఉంటుంది. ‘మీ అనుభవాన్ని మీ మాటల్లో రాయండి’ అని ఉంటుంది దాని మీద. మొదటి రెండింటికీ నాలుగేసి వాక్యాలు రాసింది వైదేహి, అప్పటికింకా చెయ్యి తిరగలేదు గనక. మూడో దాని దగ్గర్నుంచీ మనసు పెట్టింది. మీ మాటల్లో రాయమని అడిగినవాళ్ళకు ఎవరి మాటలో రాసిచ్చే రకం కాదు ఆవిడ.

“ఏంటండీ వైదేహిగారూ, ఇంకా మూడులోనే ఉన్నారా?”

లెక్కల మాస్టారు జ్ఞానానందం గుమ్మంలో నిలబడి సుద్ద అంటిన చేతులు దులుపుకుంటున్నాడు.

“ఉన్నానండి. ఇక్కడే కాపురం పెట్టాను.”

“నాది పోయిన నెల్లోనే అయిపోయిందండి. పన్నెండూ కలిపి గంటా నలభై నిమిషాలు.”

“గంటా నలభయ్యా! అన్ని పెట్టెల్లో ఏం రాశారండి?”

“ఓకే అని రాశానండి.”

“దేనికి ఓకే?”

“అన్నిటికీ ఓకేనండి.” జ్ఞానానందం ఇందులో దాచవలసిందేమీ కనిపించనట్టు చెప్పాడు. “పాపం వాళ్ళు అంత పాఠం చెప్పారు, మనం బాగుందని ఒక మాట అనాలిగా.”

వైదేహికి ఒళ్ళు మండిపోయింది. మండినా ఏమంటుంది? ఆయన పేరు నోటీసు బోర్డు మీద ఆకుపచ్చగా ఉంది. హెడ్మిస్ట్రెస్ విజయమ్మగారు పొద్దున అంటించిన కాగితంలో ఇరవై నాలుగు పేర్లున్నాయి. ఇరవై మూడు పచ్చగా, ఒక్కటి ఎర్రగా. పేరు పక్కన ఎంతసేపు కూర్చున్నారో కూడా వేశారు. జ్ఞానానందం, ఒక గంట నలభై నిమిషాలు, కంప్లీట్. వైదేహి, నలభై ఒక్క గంటలు, ఇన్‌కంప్లీట్. పదో తరగతి పిల్లలు బోర్డు ముందు ఆగి చదువుకుని, వెనక్కి తిరిగి ఆవిడని చూసి, మర్యాదగా నవ్వు ఆపుకుంటూ వెళ్ళారు. నలభై ఒక్క గంటలు చదివి కూడా తప్పిన మనిషిని చూడటం వాళ్ళకదే మొదలు.

“బాపట్ల వెళ్ళి అడుగుతానండి,” అంది వైదేహి విజయమ్మగారి గదిలోకెళ్ళి. “రేపు సెలవివ్వండి.”

“వెళ్ళమ్మా,” అంది విజయమ్మగారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, “గట్టిగా మాట్లాడకు అక్కడ. పెద్దాఫీసు నించి పొన్నూరు తెలుగు టీచర్ సర్వీసు ఎంత, నీ సర్వీసు ఎంత అని మొన్ననే అడిగారు,” అంది.

గురువారం బస్సు చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరేసరికి పదిన్నరయింది. పెద్దాఫీసు పెద్దదే. దాంట్లో శిక్షణ విభాగమంటే ఒక గది, ఒక ప్రింటరు, వరప్రసాదం. నలభై ఏళ్ళుంటాయి అతనికి. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుంటాడు గాని, ఏ పనికైనా ప్రింటు తీస్తాడే తప్ప పెన్ను తియ్యడు.

వైదేహి మొదటినించీ చెప్పింది. ఏ రోజు ఎన్నో పాఠం దాకా వెళ్ళిందీ, మర్నాడు ఎలా వెనక్కొచ్చిందీ, మూడుసార్లు ఒకే చోట ఎలా జారిపడిందీ తేదీలతో సహా చెప్పింది. వరప్రసాదం ఓపిగ్గానే విన్నాడు. విన్నంతసేపూ మౌస్ కదుపుతూనే ఉన్నాడు. చివరికి ప్రింటరు గరగరమని ఒక కాగితాన్ని కక్కింది. దాన్ని ఆవిడ ముందు పెట్టి, ఎర్ర అక్షరాల మీద వేలుంచాడు.

“చూడండి మేడమ్. ఇన్‌కంప్లీట్ అనుంది.”

“అందుకేనండీ నేనొచ్చింది.”

“సిస్టమ్‌లో ఇన్‌కంప్లీట్ అనుంటే ఇన్‌కంప్లీటేనండి. దాన్ని నేను కంప్లీట్ అనలేను.”

“మిమ్మల్ని అనమనట్లేదు బాబూ. నేను రాసింది ఎక్కడికి పోతోందో చూడమంటున్నాను. నలభై ఒక్క గంటలు కూర్చున్నానని మీ సిస్టమే చెబుతోందిగా! నలభై ఒక్క గంటలూ నేనేం చేశానంటారు? తెరకి హారతిచ్చానా?”

“కూర్చోవడం వేరండి, కంప్లీట్ చెయ్యడం వేరండి. సిస్టమ్ రెండూ విడివిడిగా చూస్తుంది.”

వైదేహి సంచిలోంచి నోట్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టింది. “ఇదిగోండి. అన్ని జవాబులూ ఇందులో ఉన్నాయి. తారీఖులతో. కావాలంటే చదువుకోండి.”

వరప్రసాదం అట్ట వైపు మర్యాదగా చూశాడు. అంతలో టీ వచ్చింది. అతను ఒక గ్లాసు ఆవిడ చేతికిచ్చి, రెండో గ్లాసుని, చోటు కోసం అటూ ఇటూ చూసి, నోట్‌బుక్ మీద పెట్టాడు. అట్ట మీద గుండ్రంగా తడి పడింది. వైదేహి గ్లాసు తీసి పక్కన పెట్టి, అట్ట చెంగుతో తుడిచి, నోట్‌బుక్ ఒళ్ళోకి తీసుకుంది. అతను అదీ గమనించలేదు.

“నా మాట వినండి మేడమ్,” అన్నాడు, నిజంగానే సాయం చేద్దామనే. “పొన్నూరు తెలుగు మేడమ్ లేదూ, ఆవిడ కూడా హాయిగా ఇంగ్లిషులో రెండేసి ముక్కలు కొట్టేసిందండి. వారం తిరక్కుండా పచ్చగా వచ్చేసింది. మీకెందుకండీ ఇంత శ్రమ?”

“తెలుగు పాఠం చెప్పేదాన్ని, తెలుగులో రాయమని తెలుగులో అడిగితే, ఇంగ్లిషులో ఎందుకు రాయాలండీ?”

ఆ ప్రశ్నకు ప్రింటరులో జవాబు లేదు. వరప్రసాదం తల గోక్కుని, ఈ సాఫ్ట్‌వేర్ నడిపేది తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటరని, వాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తట్లేదని, స్వయంగా వెళ్తే ఏమైనా తేలుతుందేమోనని చెప్పి, చిరునామా కూడా ప్రింటు తీసే ఇచ్చాడు. ఆ ఒక్క లైను కోసం ఒక పెద్ద కాగితం ఖర్చయింది.

“శనివారం అయిదు గంటలండి,” అన్నాడు లేచి నిలబడి. “అయిదు దాటాక నేనేం చెయ్యలేను. ఈలోగా పచ్చబడితే నాకంటే సంతోషించేవాడు ఉండడండి.”

శుక్రవారం యూనిట్ టెస్టులు. కదలడానికి లేదు. ప్రశ్నపత్రాలు పంచి, పిల్లలు రాస్తుంటే వరసల మధ్య తిరుగుతూ, శనివారం సాయంత్రం అయిదు తర్వాత తను ఎవరన్నది వైదేహి ఆలోచించుకుంది. పొన్నూరు ఆవిడ మంచిదే. తన బదులు పాపం ఆవిడే వారానికి మూడు రోజులు పొన్నూరు నుంచి రేపల్లెకి బస్సులో పడి వచ్చి ఓకే అని పాఠం చెప్పి వెళ్తుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గు పడింది. ఆవిడ పాఠం తనెప్పుడు విందని?

శనివారం పొద్దున తెనాలి పాసింజరు భట్టిప్రోలులో ఇరవై నిమిషాలు, జంపనిలో పదిహేను నిమిషాలు ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. వైదేహికి మాత్రం ఆ రైలు మీద కూడా ఇన్‌కంప్లీట్ అని రాయాలనిపించింది. తెనాలిలో దిగి, చిరునామా వెతుక్కుని, మెట్లెక్కి ఆ కంప్యూటర్ సెంటర్ తలుపు తోసేసరికి పన్నెండు దాటింది. యజమాని గుంటూరు వెళ్ళాడట. కంప్యూటర్ల వరస చివర ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా తెరుచుకుని, ఒక చేత్తో పెరుగన్నం తింటూ రెండో చేత్తో ఏదో కొడుతోంది. పాతికేళ్ళ లోపే ఉంటుంది. పేరు హరిత అని చెప్పింది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తుందట.

వైదేహి మళ్ళీ మొదటినించీ చెప్పుకొచ్చింది. అప్పటికి అది ఆవిడకి కంఠతా వచ్చేసింది. హరిత విని, డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని వచ్చి, “తెలుగులో రాశారాండీ? ఎంతెంత రాశారు?” అంది.

మూడు రోజుల్లో రాసిన దాని గురించి అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి. వైదేహి వెంటనే సంచి తెరిచింది. నోట్‌బుక్ తీసి చేతికిచ్చింది. హరిత పేజీలు తిరగేసి, “అమ్మో,” అంది. అని కంప్యూటర్ వైపు తిరిగి చకచకా ఏవో తెరిచింది.

తెర నిండా శాతం గుర్తులు, వాటి మధ్య ఇంగ్లిషు అక్షరాలు, సున్నాలు, అంకెలు. చీమల బారులాగా సందు లేకుండా ఉన్నాయి.

“ఇదేంటమ్మా?”

“మీరు రాసిందేనండి.”

“నా తెలుగా ఇది!”

“మీ తెలుగేనండి. దాచేటప్పుడు ఇలా మూట కడుతుందండి.” హరిత కుర్చీ దగ్గరికి లాక్కుంది. “స్కార్మ్ అని ఒక ప్రమాణముందండి. ఏ కంపెనీ తయారుచేసిన పాఠమైనా ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనైనా నడవాలని పెట్టుకున్న కొలతన్నమాట. ఎవరు ఎక్కడ ఆగారు, ఎంతసేపు చదివారు, పూర్తయిందా లేదా, అన్నీ అందులో చెప్పినట్టే రాసుకోవాలండి. ఆగిన చోటూ, రాసిన జవాబులూ దాచుకోడానికి మనిషికొక పెట్టె. ఆ పెట్టెలో నాలుగువేల తొంభై ఆరు అక్షరాలే పడతాయండి.”

“నాలుగువేలంటే తక్కువేం కాదుగా?”

“ఇంగ్లిషుకి తక్కువ కాదండి. తెలుగుని ఈ మూట కట్టాక ఒక్కో ముక్కా ఆరక్షరాల చోటు తింటుందండి. గుణింతం వేరే, పొల్లు వేరే, అన్నీ ఆరేసి.”

వైదేహి కళ్ళజోడు సర్దుకుంది. “అయితే ‘స్త్రీ’ ఎంతమ్మా?”

హరిత వేళ్ళు మడిచింది. “ముప్పై ఆరండి.”

“‘లక్ష్మీ’?”

“నలభై రెండండి.”

“‘ఓకే’? ఇంగ్లిషులో?”

“రెండండి.”

వైదేహికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పన్నెండు పాఠాలకూ ఇంగ్లిషులో జవాబులు పట్టే పెట్టెలో తన తెలుగు రెండున్నర జవాబులకే నిండిపోయింది. నిండగానే మిగతాది కత్తిరించి పారేసింది. తోక తెగిపోతే మనిషి ఎక్కడ ఆగిందో పాఠానికి తెలియదట. సగం తెగిన జవాబు చూపించకూడదట. అందుకని సరిగ్గా ఉన్నంత వరకూ ఉంచి, మూడో పాఠం గుమ్మంలో తెచ్చి నిలబెట్టేదట. ఆవిడ మళ్ళీ నోట్‌బుక్ చూసి అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టేది. అది మళ్ళీ అక్కడే తెగేది.

“ఈ కొలత పెట్టినవాళ్ళెవరమ్మా? వాళ్ళతో నేను మాట్లాడొచ్చా?”

“అమెరికాలో పెట్టారండి.” హరిత నొచ్చుకుంటున్నట్టు చెప్పింది. “పెద్ద పెట్టె ఉన్న కొత్త ప్రమాణం కూడా వచ్చిందండి. మీ వాళ్ళు కొన్నది పాతది.”

“ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఈ జవాబులు చివరికి ఎవరు చదువుతారు?”

హరిత డబ్బా మూత ఒకసారి తీసి మళ్ళీ పెట్టింది.

“ఎవరూ చదవరండి. జవాబు పెట్టె ఖాళీగా లేకపోతే చాలు, తర్వాతి పాఠానికి వదిలేస్తుంది. ఏం రాశారో చూసే ఏర్పాటు ఇందులో లేదండి.”

రెండు నెలలు. నలభై ఒక్క గంటలు. కొట్టివేతలు, ఎత్తిరాతలు, మీటల మీద కాగితం ముక్కలు. ఇంట్లో రాత్రి వంట ఆలస్యమై, ‘రేపల్లెలో నువ్వొక్కదానివేనా టీచరువి’ అని భర్త సుబ్రహ్మణ్యం చేత అనిపించుకున్నదీ దీనికేనా? అందరికంటే తెలివైనవాడు జ్ఞానానందమే. పాపం ఆయన కనీసం బాగుందని ఒక మాటన్నా అన్నాడు.

“సరే,” అంది వైదేహి చివరికి. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది. “ఓకే అనే కొట్టమ్మా. పన్నెండింట్లోనూ కొట్టు. అయిదులోపల అవుతుందా?”

“అవుతుందండి. మీ పేరు మీద మీరే కొట్టాలి గాని, నేను పక్కన కూర్చుంటాను. ఒకటీ రెండూ బాగానే ఉన్నాయి, వాటిని కదపొద్దు. నాలుగు నుంచి పన్నెండు దాకా కొట్టేద్దాం. మూడో దాని తెగిన ముక్కని ఇప్పటికి పక్కన పెట్టి మిమ్మల్ని నేను దాటిస్తాను, దాన్ని చివర్లో తీసేసి నింపుదామండి.”

పాఠాల బొమ్మలన్నీ కదిలి ఆగేదాకా చూడాలి గనక గంటా పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోయి రెండు గంటలు ఆగాల్సొచ్చింది. ‘మీ తరగతిలో ప్రశ్నించే వాతావరణం ఎలా కల్పిస్తారు? మీ మాటల్లో రాయండి.’ ఓకే. ‘పిల్లల మాటను గౌరవించడం ఎందుకు అవసరం? మీ మాటల్లో రాయండి.’ ఓకే. ఒక్కొక్క ఓకేకీ వైదేహి పళ్ళు బిగించి, ఆ రెండు మీటల్నీ మొట్టికాయ వేసినట్టు కొట్టింది. తొమ్మిది పెట్టెలు నిండాయి. నాలుగున్నర కావస్తోంది.

మిగిలింది మూడోదే. హరిత ఆ చీమల బారుని తెర మీదే ఇంకో కిటికీలోకి మార్చి ఏదో నొక్కింది. గుర్తులన్నీ పోయి తెలుగు అక్షరాలు పడ్డాయి.

“తీసేసే ముందు ఒకసారి చూస్తానండి, ఎక్కడ తెగిందో,” అని చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది. “‘గత సంవత్సరము ఆరవ తరగతిలో అంకాలమ్మ అను బాలిక కలదు. సముద్రముపై చేపలవేటకు వెళ్ళు కుటుంబమునకు చెందినది. ఆరు మాసములు ఆమె నోట ఒక్క మాటైనను నేను వినలేదు. ఒకనాడు పాఠములో లంగరు అను పదము వచ్చినది. పడవను గట్టునకు కట్టు త్రాడు అని నేను అర్థము చెప్పితిని. అంతట అంకాలమ్మ మొట్టమొదటిసారిగా లేచి నిలబడి’...”

అక్కడితో అయిపోయింది. హరిత తెర కిందికి జరిపి చూసింది. ఏమీ లేదు. వైదేహి వైపు తిరిగింది.

“లేచి నిలబడి ఏమందండి?”

“ఏంటమ్మా?”

“ఆ పిల్ల. లేచి నిలబడి ఏమందండీ?”

అంత మామూలుగా అడిగింది. కథ మధ్యలో ఆపేస్తే ఎవరైనా అడిగినట్టే అడిగింది. వైదేహి నోట్‌బుక్ అందుకుని మూడో జవాబు తెరిచింది. చదివితే సరిపోతుంది, అంతా అందులోనే ఉంది. మూడుసార్లు చూసి కొట్టిందే.

“‘పూజ్యులైన గురువుగారూ, లంగరనగా త్రాడు కాదు. అది ఇనుముతో చేయబడిన బరువైన సాధనము. సముద్రపు అడుగున నేలను పట్టుకొని పడవను నిలుపును, అని వినయముగా పలికినది. నేను ఆ బాలికను మనసారా అభినందించితిని.’”

కళ్ళతో చదువుకున్నన్నాళ్ళూ ఆ వాక్యాలు బాగానే ఉన్నాయి. చెవిన పడేసరికి ఎంత అబద్ధంగా ఉన్నాయో ఆవిడకే తెలిసిపోయింది.

“ఆరో తరగతి పిల్ల అలా అందాండీ?” అంది హరిత. ఎగతాళి లేదు ఆ గొంతులో. నమ్మకం కుదరలేదు, అంతే. “మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరండి.”

“అనలేదు,” అంది వైదేహి.

కింద వీధిలో ఆటోలు హారన్లు కొట్టుకుంటున్నాయి. వైదేహి నోట్‌బుక్ మూసి, టీ గ్లాసు మరక పడిన అట్ట మీద అరచెయ్యి పెట్టుకుంది.

“గంట కొట్టడానికి పది నిమిషాలుంది. నేను రెండు పాఠాలు వెనకబడి ఉన్నాను. ఆ పిల్ల లేచి, బల్ల అంచు పట్టుకుని, ‘కాదండి’ అంది. ఇంకా ఏదో అనబోయింది. నోరు తెరిచే ఉంది. నేను కూర్చోమన్నాను. తిట్టలేదు, కొట్టలేదు. కూర్చో, అన్నాను. కూర్చుంది. ఏడో తరగతికొచ్చింది ఇప్పుడు. మళ్ళీ ఎన్నడూ లేవలేదు.”

“మరి ఈ ఇనుము, సాధనము...”

“ఆ రోజు ఇంటికెళ్ళి నిఘంటువు చూశాను. తప్పు నాదేనని తెలిసింది. అందులో ఉన్నదే ఆ పిల్ల నోట్లో పెట్టాను. ఆ పిల్ల ఏం చెప్పబోయిందో నాకు తెలియదమ్మా.”

తన రాత ఎవరూ చదవరని మధ్యాహ్నం నుంచీ ఉడికిపోతోంది ఆవిడ. చదివిన ఒక్క మనిషీ అడిగిన ఒక్క ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదు. హరిత గడియారం చూసింది. పది తక్కువ అయిదు.

“తీసేస్తున్నానండి. ఇక్కడా ఓకే కొట్టేయండి.”

ఖాళీ పెట్టె వచ్చింది. వైదేహి చేతులు కీబోర్డు మీద పెట్టింది. ‘ఓ’ మీట మీద వేలు ఆనించి, తీసేసి, తెలుగులోకి మార్చమంది. ఈ కీబోర్డు మీద కాగితం ముక్కలు లేవు, అయినా వేళ్ళకు దారి తెలిసిపోయింది. ఒక్కొక్క మీటే, తొందరపడకుండా నొక్కింది.

‘కూర్చోమన్నాను.’

హరిత ముందుకు వంగి వేళ్ళు మడిచింది. గుణింతాలు, పొల్లులు, అన్నీ లెక్కేసింది. “చివరి చుక్క కాక డెబ్బై ఎనిమిదండి. పట్టింది.” ఒక మీట నొక్కగానే మూలనున్న ఎర్ర అక్షరాలు పోయి పచ్చ అక్షరాలు వచ్చాయి. అయినా ఆ అమ్మాయి పెట్టె మూయలేదు. “ఇంకా చాలా చోటుందండి. అయిదింటి దాకా మార్చుకోవచ్చు. తర్వాత ఏం జరిగిందో కూడా రాస్తారా?”

వైదేహి నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని లేచింది.

“తర్వాతది ఇంకా జరగలేదమ్మా,” అంది. “సోమవారం వెళ్ళి ఆ పిల్లని అడగాలి.”